ఇల్లు నా పేరు మీద, నేల నలుగురిది

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు మా ఊళ్లో మా ఇంటి స్థలం రెండు గుంటలు. అంటే 242 గజాలు. రోడ్డు ముఖం 33 అడుగులు, లోపలికి 66 అడుగులు. ఈ కొలతలు ఇప్పుడు నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఏడాది కింద అడిగి ఉంటే "చాలా పెద్ద జాగ" అని మాత్రమే చెప్పేదాన్ని.

ఈ జాగను మా మామ 1991లో కొన్నాడు, దస్తావేజు రిజిస్ట్రీ అయింది. వెనక భాగంలో రెండు గదుల పెంకుటిల్లు, ముందు వాకిలి, వాకిట్లో ఉత్తరం పక్కన వేప చెట్టు. మామ 2016లో చనిపోయాడు. ఆయన పోయాక మేం ఏ కాగితమూ మార్చలేదు. ఇంటి పన్ను రసీదు ఆయన పేరు మీదే వస్తోంది, నేనే పోయి కట్టి వస్తున్నాను. రసీదు చేతిలో ఉంది, ఇంట్లో మేమే ఉంటున్నాం కాబట్టి జాగ మాదే అనుకున్నాం. ఊళ్లో సగం ఇండ్ల సంగతి ఇంతే.

2025లో నా పేరు మీద ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. సొంత జాగ ఉన్నవాళ్లకు ఐదు లక్షలు, ఇంటి ఆడమనిషి పేరు మీద, దశల వారీగా ఇస్తారు. బేస్‌మెంట్ లేపితే మొదటి లక్ష. ఇల్లు 400 చదరపు అడుగులకు తక్కువ ఉండొద్దు, 600 దాటొద్దు. నేను జాకెట్లు కుడతాను, మా ఆయన ట్రాలీ ఆటో నడుపుతాడు. వానాకాలంలో పెంకుల సందుల్లోంచి నీళ్లు కారి మిషన్ మీద పడకుండా టార్పాలిన్ పట్టా కప్పుకుని కుట్టినదాన్ని. ఆ మంజూరు కాగితం చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ముగ్గు పోసే రోజు ఆడబిడ్డలిద్దరికీ ఫోన్ చేసి చెప్పాం. చెప్పాం, అంతే. అడగలేదు. చెప్పడానికీ అడగడానికీ తేడా ఉందని ఆ రోజు నా బుద్ధికి తట్టలేదు.

మూడో రోజు పొద్దున పెద్దాడబిడ్డ దేవరకొండ బస్సు దిగి నేరుగా వాకిట్లోకి వచ్చింది. కాళ్లు కూడా కడుక్కోలేదు. మేస్త్రీ మనుషులు అప్పటికి నాలుగు గుంతలు తీశారు. "జర ఆగుండ్రి" అన్నది. నేను నీళ్ల చెంబుతో ఎదురుపోతే తీసుకోలేదు.

"ఏంది వదినా, కూసో ముందు" అన్నాను.

"కూసునుడు తర్వాత. నన్ను అడగకుండ గుంతలు ఎట్ల తీసిండ్రు? ఈ జాగ కొన్ననాడు నాకు పద్నాలుగేండ్లు. రెండేండ్లు పత్తి ఏరిన కూలి మొత్తం నాయన చేతుల పోసిన. తమ్ముడు అప్పుడు బడికి పోతుండె."

మా ఆయనకు కోపం వచ్చింది. "నీ పెండ్లి చేసినం, బంగారం పెట్టినం, ఇంకేం కావాలక్కా?" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. తవ్విన మట్టి మీద కూర్చుంది. పని ఆగిపోయింది.

నేను ఆ రాత్రి ఆమె మీద చాలా మాటలు అనుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ మాటలు తప్పని తెలిసింది కాబట్టి.

ఊళ్లో పెద్దమనుషుల దగ్గర పంచాయితీ పెడితే దొరికిన సలహా ఒకటే. వంద రూపాయల స్టాంపు కాగితం తెచ్చి, "పసుపు కుంకుమ కింద నా వాటా ముట్టింది, పుట్టింటి ఆస్తిలో నాకే హక్కూ లేదు" అని ఆడబిడ్డలిద్దరితో రాయించుకొమ్మన్నారు. పాత తారీఖు వేస్తే ఇంకా మంచిదన్నారు. "పెండ్లయిన బిడ్డకు వాటా ఏంది?" అని ఒక పెద్దాయన గట్టిగానే అన్నాడు. కాగితం టైపు కూడా అయింది. నా బట్టల పెట్టెలో పదిహేను రోజులు ఉంది. చిన్నాడబిడ్డ హైదరాబాదులో ఎల్బీనగర్ దగ్గర ఉంటుంది, ఫోన్లో "మీరు చెప్పిన దగ్గర పెడతా సంతకం" అన్నది. పెద్దామె పెట్టనంది.

మరో పక్క పంచాయతీ కార్యదర్శి జాగ కాగితాలు అడిగాడు. మామ పేరు మీది రసీదు చూపించాను. ఆయన మర్యాదగా ఒక మాట చెప్పాడు: "అమ్మా, మేం ఇచ్చేది కట్టుకోనీకె అనుమతి. నేల ఎవరిదో మేం తేల్చం. ఇంటి పన్ను రసీదు నేల మీద హక్కు పత్రం కాదు." అప్పటిదాకా పంచాయతీ పర్మిషన్ ఉంటే ఇంక ఎవరూ ఏమీ అనలేరని నా నమ్మకం. మంజూరు పోతుందేమోనని టెన్షన్‌తో నాకు నిద్ర పట్టేది కాదు.

మా మహిళా సంఘం మీటింగులో ఒకామె చెప్పింది, నల్గొండ కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్లకు వకీలు ఫీజు లేకుండా సలహా ఇస్తారని. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేదు, ఉచిత న్యాయ సహాయం హక్కు. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెప్తారు. నేను ఆ టైపు కాగితాన్ని, మామ దస్తావేజును, రసీదును సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. నా మనసులో ఉన్నది, వదినతో సంతకం ఎట్లా పెట్టించాలో తెలుసుకుందామనే.

అక్కడ నాతో మాట్లాడిన వకీలమ్మ ముందు దస్తావేజు చదివింది. తర్వాత అడిగింది: "మీ మామ విల్లు రాసిండా?" లేదన్నాను. "వారసులు ఎందరు?" అత్తమ్మ, మా ఆయన, ఇద్దరు ఆడబిడ్డలు అన్నాను. ఆమె కాగితం మీద ఒక డబ్బా గీసి నాలుగు చేసింది. "విల్లు రాయకుండ పోతే సొంతంగ కొన్న ఆస్తి భార్యకు, కొడుకుకు, బిడ్డలకు సమానం. ఇది 1956 నుంచి ఉన్నదే. ఒక్కొక్కరికి అరవైన్నర గజాలు." తర్వాత నా వైపు చూసి, "ఇందుల నీ వాటా ఎంత?" అన్నది.

నాకు జవాబు రాలేదు. మంజూరు నా పేరు మీద, ఇల్లు నా పేరు మీద, నేను గుంతలు తీయించిన నేలలో నాకు ఒక్క గజం కూడా లేదు. నేను కట్టబోయేది పరాయి జాగలో.

పెద్దాయన అన్న "పెండ్లయిన బిడ్డ" మాట కూడా చెప్పాను. అది తాతల నాటి ఉమ్మడి ఆస్తి విషయంలో ఒకప్పటి మాట అని వివరంగా చెప్పింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చేసిన చట్టం, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కిచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్లైనా కాకున్నా బిడ్డలందరికీ వచ్చింది. తండ్రి ఆ తారీఖుకు బతికి ఉండాలా వద్దా అన్న తకరారును 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది, ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని. మా జాగ మామ స్వార్జితం కాబట్టి అంత దూరం పోవాల్సిన పనే లేదు. ఇంకో సంగతి చెప్పింది, అది నాకు బాగా గుర్తుండిపోయింది. కుటుంబం ఉంటున్న ఇంటిని పంచమని అడిగే హక్కు ఒకప్పుడు ఆడబిడ్డకు లేదట. అన్నదమ్ములు పంచుకుందామనుకుంటేనే ఆమెకూ వచ్చేది. ఆ సెక్షన్‌ను కూడా 2005లోనే తీసేశారు.

ఆ తర్వాత నా టైపు కాగితం తీసి చూపించాను. ఆమె చదివి పక్కన పెట్టి, రెండు మాటలు వేరు చేసి చెప్పింది. "కట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు" అని రాస్తే అది సమ్మతి. దాంతో నేల చేతులు మారదు. "నా హక్కు వదులుకున్నా" అని రాస్తే అది నేలను వదులుకునే పత్రం, రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ చేయించాలి. చేయించకపోతే హక్కు మారినట్టు కోర్టులో చూపడానికి పనికి రాదు. పాత తారీఖు వేయడం గురించి అడిగితే, "అది తప్పుడు పత్రం తయారు చేసుడు. కేసైతది. రాసినోళ్లతో పాటు సాక్షులు గూడ తిరగాలె" అన్నది.

"ఇల్లు లేపినంక ఏం చేస్తరు మేడం, కూలగొడ్తరా?" అని అడిగాను. చాలామంది అనుకునేది ఇదే కదా, ఒకసారి స్లాబ్ పడితే ఎవరూ ఏమీ చేయలేరని. ఆమె చెప్పినది నాకు అర్థమైనంత వరకు ఇది. పంచుకోని జాగలో ప్రతి అంగుళంలో ప్రతి వాటాదారుకూ హక్కు ఉంటుంది. ఒకరు మిగతావాళ్లను కాదని కట్టడం మొదలుపెడితే వాళ్లు ఇంజంక్షన్, అంటే పని ఆపమనే కోర్టు ఉత్తర్వు, తేవచ్చు. ఇల్లు పూర్తయ్యాక పంపకం దావా పడితే, వీలైతే కట్టిన ముక్కను కట్టినవాళ్ల వాటాలోకే వచ్చేట్టు కోర్టు చూస్తుంది, కానీ తప్పకుండా అట్లే చేస్తుందన్న భరోసా లేదు. స్థలం పూర్తిగా తనదేనని మనస్ఫూర్తిగా నమ్మి కొనుక్కుని కట్టినవాళ్లను, అసలు హక్కుదారు వచ్చి ఖాళీ చేయిస్తే, కట్టడం విలువ అడిగే రక్షణ 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో ఉంది. "కానీ నీకు నీ ఆడబిడ్డ వచ్చి గుంతల కాడ నిలబడి చెప్పింది గద. ఇగ తెల్వక కట్టిన అని నువ్వు ఎట్లంటవు?"

రాజీ కుదరకపోతే లోక్ అదాలత్ ఉందని కూడా చెప్పింది. దావా వేయకముందే అక్కడికి పోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మాకు అంతదాకా అవసరం పడలేదు. అందుకు కారణం వదినే.

తిరుగు బస్సులో నేను ఆలోచించింది చట్టం గురించి కాదు. రెండేండ్ల పత్తి కూలి గురించి. నేనూ పెళ్లికి ముందు మా నాయనకు కూలి డబ్బులు ఇచ్చినదాన్నే. మా పుట్టింట్లో నా తమ్ముడు ఇల్లు కడుతుంటే ఎవరూ నన్ను అడగలేదు, నేనూ అడగలేదు. వదిన అడిగింది. ఇంటికి వచ్చి టైపు కాగితాన్ని పొయ్యిలో పెట్టాను.

మా ఆయనను ఒప్పించడానికి వారం పట్టింది. అత్తమ్మ ఒక్క మాటతో తేల్చింది: "అది నా బిడ్డ గాదా?" మర్నాడు నేనూ ఆయనా కలిసి వదిన ఇంటికి పోయాం. ఆయన అక్క ముందు కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "తప్పైంది అక్కా" అన్నాడు. ఆమె డబ్బులు తీసుకోమంటే వద్దన్నది. "నా ముక్క నాకు ఉండనీ. ఇప్పుడు కడతనో కట్టనో, నాకు అవసరం పడితే పోయి నిలబడనీకె ఇంత జాగ ఉండాలె" అన్నది. చిన్నాడబిడ్డ మాత్రం తనకు జాగతో పని లేదని, డబ్బులిస్తే బిడ్డ కాలేజీ ఫీజుకు పనికొస్తాయని చెప్పింది. మా ఊరి ధరకు ఆమె వాటాకు ఇంకా ఎక్కువే వస్తుంది. ఆమె లక్ష అడిగింది.

పంచుకోవడం కాగితం మీద తేలిక, నేల మీద కష్టం. అడ్డంగా నాలుగు పట్టీలు చేస్తే వెనక మూడింటికి రోడ్డు లేదు. నిలువుగా నాలుగు చేస్తే ఒక్కోటి ఎనిమిది అడుగుల పావు వెడల్పు, అందులో గొడ్డును కూడా కట్టలేం. మేస్త్రీ తాడు పట్టుకుని పొద్దంతా తిరిగాడు. చివరికి నాలుగు సమాన ముక్కలు చేశాం, ఒక్కోటి పదహారున్నర అడుగుల వెడల్పు, 33 అడుగుల పొడుగు. రోడ్డు వైపు ఉత్తరం ముక్క వేప చెట్టుతో సహా వదినకు. దాని వెనక, పెంకుటింట్లో తాను పడుకునే గది ఉన్న ముక్క అత్తమ్మకు. చిన్నాడబిడ్డ వాటాతో కలిపి దక్షిణం రెండు ముక్కలు మాకు, ముందుదీ వెనకదీ కలిపి 121 గజాలు. అత్తమ్మ రోడ్డుకు ఎట్లా పోవాలి? అందుకు వదిన ముక్కలోంచి అడుగున్నర, మాదాంట్లోంచి అడుగున్నర, మొత్తం మూడడుగుల దారి వదిలాం. నోటిమాటతో వదలలేదు. దస్తావేజులో హద్దులతో, కొలతలతో ఆ దారి హక్కు రాయించాం. దారి రాయకపోతే మన పిల్లల కాలానికి అదే కొట్లాట అవుతుందని వకీలమ్మ రెండుసార్లు చెప్పింది.

దాంతో మా ఇంటికి మిగిలింది పదిహేను అడుగుల వెడల్పు. ముందు గీసుకున్న ప్లాన్ పక్కపక్క గదులతో వెడల్పుగా ఉండేది. అది పోయింది. రైలు పెట్టెలాగా 15 ఇంటూ 30, 450 చదరపు అడుగులు. తీసిన నాలుగు గుంతల్లో రెండు వదిన ముక్కలో పడ్డాయి, వాటిని పూడ్చాం. నాకు బాధ కలగలేదని చెప్పను. కానీ ఆ పదిహేను అడుగుల్లో ఎవరూ వచ్చి నన్ను ఆపలేరు.

దక్షిణం పక్కింటివాళ్లతో మరో చిన్న పేచీ వచ్చేది, ముందే తప్పించుకున్నాం. స్తంభం సరిగ్గా హద్దు మీద వేసి దాని కింద పునాది దిమ్మె, అదే ఫుటింగ్, నాలుగడుగులు వేస్తే, సగం వాళ్ల నేల కిందికి పోతుంది. "పైకి కనపడదు గదా" అన్నాడు మేస్త్రీ. పైన ఎవరిదో కింద కూడా వాళ్లదే. ఇంజినీరును అడిగితే స్తంభం ఫుటింగ్ అంచున వచ్చేట్టు, లోపలి స్తంభంతో బీమ్ కలిపి గీసిచ్చాడు. ఇనుము కొంచెం ఎక్కువైంది.

ఇక కాగితాలు. మామ మరణ ధృవపత్రం, మీసేవలో దరఖాస్తు చేసి తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పాత దస్తావేజు, జాగ మీద జరిగిన రిజిస్ట్రీలు చూపే ఈసీ, ఇంటి పన్ను రసీదు, అందరి ఆధార్లు. మొత్తం ఒకే భాగపరిష్కార దస్తావేజుగా, అంటే పంపకం పత్రంగా, రాయించాం. చిన్నాడబిడ్డ తన వాటాకు బదులు డబ్బు తీసుకుంటున్నట్టు అందులోనే రాశారు, నలభై వేలు అప్పుడు, మిగతా అరవై వేలకు తారీఖు వేసిన చెక్కు. ఇట్లా చేయడం వల్ల ఆమెతో హక్కు వదులుకునే రిలీజ్ దస్తావేజు వేరేగా అక్కర్లేకపోయింది.

అత్తమ్మ దగ్గర ఇబ్బంది వచ్చింది. ఆమె ఈ ప్రాంతపు బోరు నీళ్లు తాగి పెరిగిన మనిషి. ఫ్లోరైడ్‌తో మోకాళ్లు వంకర్లు పోయి, నడుము లేవదు. బస్సెక్కలేదు, మెట్లెక్కలేదు. మాకు తెలిసినవాళ్లు ఆటోలో పడుకోబెట్టి తీసుకుపొమ్మన్నారు. వకీలమ్మను ఫోన్లో అడిగితే, నడవలేనివాళ్లు ఆఫీసుకు రానక్కర్లేదని, రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఆ ఏర్పాటు ఉందని చెప్పింది. ప్రైవేట్ అటెండెన్స్ అంటారు. డాక్టరు సర్టిఫికెట్ జతచేసి అర్జీ పెట్టి, దానికి వేరే ఫీజు కట్టాం. ఆఫీసు నుంచి మనిషి ఇంటికే వచ్చాడు. అత్తమ్మను మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాం. ఆయన దస్తావేజులో ఉన్నది మొత్తం ఆమెకు చదివి వినిపించి, "నీ ఇష్టంతోనే రాసిస్తున్నవా అమ్మా?" అని అడిగాడు. "నా ముక్క నాకు రాసిండ్రు, ఇంక నేనేమిస్తున్న?" అన్నది. వేలిముద్ర వేసే ముందు తన దారి ఎక్కడ రాశారో చూపించమని అడిగింది. ఆమెకు చదువు రాదు. ఆ వాక్యం మీద ఆయన వేలు పెట్టి చూపిస్తే, చాలాసేపు చూసింది.

ఇంకొకటి మిగిలింది. పంపకం తర్వాత 121 గజాలు మా ఆయన పేరు మీదికి వచ్చాయి. భర్త జాగ కాబట్టి మంజూరుకు అడ్డు లేదని ఆఫీసులో అన్నారు. కానీ వకీలమ్మ గీసిన డబ్బా నా కళ్ల ముందు నుంచి పోలేదు. ఆయనను అడిగాను. సగం నా పేరు మీద గిఫ్ట్ దస్తావేజు చేసిచ్చాడు. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టారు, నేను తీసుకున్నట్టు నా సంతకం ఉంది. ఆయన ఒక రోజు ఆలోచించి ఇచ్చాడు. ఆలోచించి ఇచ్చినందుకే నాకు ఎక్కువ సంతోషం.

నల్గొండ టౌన్లో మా తమ్ముడికి ఈ సంగతంతా చెప్తే, మున్సిపాలిటీలో ఇంత తిప్పలు లేదన్నాడు. 2020లో ఇంటి అనుమతుల చట్టం వచ్చాక 75 గజాల లోపు జాగకు ఆన్‌లైన్లో నమోదు చేసుకుని ఒక్క రూపాయి కడితే చాలు. నిజమే. కానీ అక్కడ కూడా జాగ నాదేనని మనమే రాసివ్వాలి. అబద్ధం రాస్తే నోటీసు లేకుండా కూల్చే అధికారం అదే చట్టంలో ఉంది. వాడూ మా అమ్మ పేరు మీది జాగలోనే కట్టుకున్నాడు. నేను వాడిని ఆ రోజు ఏమీ అనలేదు. త్వరలో పోయి కూర్చుని మాట్లాడతాను.

బేస్‌మెంట్ అయ్యింది, ఫొటో తీసుకుపోయారు, మొదటి లక్ష నా ఖాతాలో పడింది. గోడలు లేచాయి. చిన్నాడబిడ్డ చెక్కు తారీఖుకు ఇంకా నెల ఉంది, దానికోసం చీటీ ఎత్తుతున్నాను. స్లాబ్‌కు సెంట్రింగ్ కొడుతుంటే వేప చెట్టు కొమ్మలు రెండు అడ్డం వచ్చాయి. మేస్త్రీ గొడ్డలి తీశాడు. మా ఆయన ఆగమని చెప్పి అక్కకు ఫోన్ చేశాడు. "కింది కొమ్మ కొట్టుండ్రి. మీదిది నేనొచ్చి చూసి చెప్త" అన్నది. ఆదివారం దాకా పని ఆపాం. ఆమె బస్సు దిగి వచ్చింది. నేను ఎదురుపోయి చెంబు ఇస్తే తీసుకుని కాళ్లు కడుక్కుని, చెట్టు కిందికి నడిచింది.